ముప్పై నాలుగో స్థానం, మొదటామె టైము

మా మేనకోడలు నాలుగు రోజుల సైకిల్ రేసు తొక్కి వచ్చింది. పొరుగు రాష్ట్రంలో జరిగిన ఆడపిల్లల స్టేజ్ రేసు అది, రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి. ఆ నాలుగు రోజులూ సాయంత్రం కాగానే నేను ఫలితాల కాగితాన్ని ఫొటో తీసి కడపలో మావాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. రెండు నిమిషాల్లో మా బావ దగ్గర నుంచి ఒకే ప్రశ్న: "ఎన్నో ప్లేసు?"

మొదటి రోజు 34, రెండో రోజు 41, మూడో రోజు 43, నాలుగో రోజు 22. బావ ఈ నాలుగూ కూడి, నాలుగుతో భాగించి 35 అని తేల్చాడు. ఆఖరి కాగితంలో మాత్రం పిల్ల పేరు 37వ వరుసలో ఉంది. "నడమ రెండు ప్లేసులు ఎవరు మింగినారు?" అని అడిగాడు. ఆయన బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసినవాడు, లెక్కలో రెండు తేడా వస్తే నిద్రపట్టదు.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. అయినా ఈ రేసుకు పోకముందు నాక్కూడా ఈ లెక్క తెలీదు. జట్టుకు నీళ్ల సీసాలు అందించే మనిషి ఒకరు తక్కువైతే, సెలవు పెట్టి వెళ్లాను. నాలుగు రోజులు రోడ్డు పక్కన నిలబడ్డాక తెలిసింది, స్టేజ్ రేసు తొక్కిన పిల్లను అడగాల్సిన ప్రశ్నల్లో "ఎన్నో ప్లేసు" అనేది అన్నిటికన్నా ఆఖరిదని.

కూడేది స్థానాలను కాదు

మా అమ్మకు చెప్పేటప్పుడు బండలాగుడు పందెంతో మొదలుపెట్టాను. మన దగ్గర ఉగాదికో తిరునాళ్లకో జరిగే పందెంలో ప్రతి ఎద్దుల జతకూ నిమిషాలు ఒకటే, బండ ఎంత దూరం లాగినాయనేదే తేడా. స్టేజ్ రేసులో దూరం అందరికీ ఒకటే, నిమిషాలు తేడా. ఏ రోజుకారోజు ఎంతసేపట్లో తొక్కినారో రాసుకుని, అన్ని రోజుల టైమూ కూడతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఒక్క రోజు కూడా మొదటి స్థానం రాకుండానే మొత్తం రేసు గెలవొచ్చు. మూడు రోజులు మొదట వచ్చి, నాలుగో రోజు కొండ మీద పది నిమిషాలు పోగొట్టుకుని గల్లంతూ కావొచ్చు.

ఇంతవరకూ తేలికే. చిక్కంతా మొదటి రోజు కాగితంతో వచ్చింది. మా పిల్ల 34వది. ఆమె పేరు ఎదురుగా టైము గడిలో అంకెలు లేవు, ఇంగ్లీషులో "ఎస్.టి." అని రెండక్షరాలున్నాయి. కాలేజీ దరఖాస్తులు నింపి నింపి అలవాటైన మా అక్క, "ఇదేందిరా, కేటగిరీ తప్పు రాసినారు" అని ఫోన్ చేసింది. ఎస్.టి. అంటే ఇక్కడ 'సేమ్ టైమ్'. అంటే గెలిచినామెకు ఎంత టైము వేశారో, 34వ స్థానంలో వచ్చిన మా పిల్లకూ అంతే వేశారు. 74 కిలోమీటర్లు, 2 గంటల 3 నిమిషాలు. ఇద్దరికీ ఒకే టైము.

దీని వెనక నియమం ఇది. గుంపుగా గీత దాటితే గుంపులో అందరికీ మొదటి మనిషి టైమే ఇస్తారు. గుంపు తెగిందా లేదా అని చూసే పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. ముందు గుంపులో ఆఖరామె వెనక చక్రానికీ, తర్వాతి గుంపులో మొదటామె ముందు చక్రానికీ మధ్య ఒక సెకను ఖాళీ వస్తేనే కొత్త టైము. గుంపంతా కలిసి పరుగు తీస్తుందని ముందే తెలిసిన చదును స్టేజీల్లో ఆ ఖాళీని మూడు సెకన్ల దాకా సాగనిస్తారు. ఇంత ఉదారం ఎందుకంటే ప్రాణభయం వల్లే. ఎవరి టైము వాళ్లకు వేస్తామంటే, యాభై మంది గంటకు 50 కిలోమీటర్ల వేగంలో భుజాలు రాసుకుంటూ అర సెకను కోసం కొట్టుకుంటారు. అట్లా కాకుండా, గెలుపు కోసం తొక్కే పది మందీ ముందర కొట్టుకుంటారు, మిగతావాళ్లు తెగిపోకుండా వెనక పట్టుకుని వస్తే చాలు. ఆ రోజు 34కీ 20కీ తేడా లేదు. మా బావ కూడిన నాలుగు అంకెల్లో రెండు ఇట్లాంటివే: మొదటి రోజు 34, నాలుగో రోజు 22. రెండు రోజులూ గుంపుతోనే వచ్చింది.

మరి గెలిచినదానికి లాభమేమిటి? బోనస్ సెకన్లు. స్టేజీలో మొదటి ముగ్గురి టైములోంచి 10, 6, 4 సెకన్లు తీసేస్తారు. దారి మధ్యలో పెట్టే స్ప్రింట్ల దగ్గర 3, 2, 1. నాలుగు రోజులు తొక్కేవాళ్లకు పది సెకన్లొక లెక్కా అనిపిస్తుంది. 2024లో ఫ్రాన్సు మహిళల టూర్‌లో (టూర్ ద ఫ్రాన్స్‌లో ఆడవాళ్ల రేసు) ఏం జరిగిందో చూస్తే ఆ మాట అనలేం.

డచ్ రైడర్ డెమి వోలరింగ్ అంతకు ముందటి ఏడాది విజేత. ఈసారీ పసుపు జెర్సీ, అంటే మొత్తం టైములో ముందున్నవాళ్లు వేసుకునేది, ఆమె మీదే ఉంది. ఐదో స్టేజీలో, గమ్యం ఇంకో ఆరు కిలోమీటర్లుందనగా గుంపులో పడిపోయింది. ఆఖరి మూడు కిలోమీటర్ల లోపల పడితే, ఆ క్షణంలో ఏ గుంపులో ఉన్నారో ఆ గుంపు టైమే ఇస్తారు. చదును స్టేజీల్లో అదొక రక్షణ. ఆమె పడింది ఆ మూడు కిలోమీటర్లకు బయట. నిమిషంన్నరకు పైగా పోయింది, పసుపు జెర్సీ పోలండ్ అమ్మాయి కాషా నెవియదోమాకు వెళ్లింది. అదే రోజు నెవియదోమా స్టేజీలో రెండో స్థానంలో వచ్చి 6 బోనస్ సెకన్లు కూడా జేబులో వేసుకుంది. అప్పుడెవరూ ఆ ఆరింటిని పట్టించుకోలేదు.

ఆఖరి రోజు ఆల్ప్ దుయేజ్ కొండ. ఆ పొద్దున రేసు మొదలయ్యేసరికి నెవియదోమా కన్నా వోలరింగ్ 1 నిమిషం 15 సెకన్లు వెనకుంది. కొండ మీద వోలరింగ్ గెలిచింది, నెవియదోమా 1 నిమిషం 1 సెకను తర్వాత వచ్చింది. 75లోంచి 61 తీస్తే 14. గెలిచినందుకు వోలరింగ్‌కు 10 సెకన్ల బోనస్. మిగిలింది 4. ఎనిమిది స్టేజీలు, 24 గంటలకు పైగా తొక్కుడు, నాలుగు సెకన్లతో టూరు తేలిపోయింది. ఐదో స్టేజీలో దొరికిన ఆ ఆరు సెకన్లు లేకపోతే ఈ నాలుగు ఎక్కడివి? మగవాళ్ల టూర్‌లో అన్నిటికన్నా దగ్గరి పోటీ 1989లో గ్రెగ్ లెమాండ్ 8 సెకన్లతో గెలిచింది. దాంట్లో సగం ఇది. మా బావకు ఈ తీసివేత కాగితం మీద వేసి చూపించాక గానీ సెకన్ల మీద గౌరవం కుదరలేదు.

జెర్సీల సంగతి రెండు ముక్కల్లో. మొత్తం టైములో ముందున్నవాళ్లకు ఒక రంగు, స్ప్రింట్ పాయింట్లకు ఒకటి, కొండల పాయింట్లకు ఒకటి, చిన్నవయసు వాళ్లలో ముందున్నవాళ్లకు ఒకటి. ఫ్రాన్సులో పసుపు, ఆకుపచ్చ, ఎర్రచుక్కల తెలుపు, తెలుపు. ఒకే రోడ్డు మీద నాలుగు పందేలు నడుస్తున్నట్టన్నమాట.

ట్రాక్టర్ ట్రాలీ వెనక

చిన్నప్పుడు పొలం దారిలో ట్రాక్టర్ ట్రాలీ వెనక సైకిలు తొక్కని పిల్లోడు మన పల్లెల్లో ఉండడు. ట్రాలీ వెనక చేరగానే కాళ్లకు బరువు తెలీదు. పక్కకు తప్పుకోగానే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసినట్టుంటుంది. సైకిల్ రేసు వ్యూహమంతా ఆ ట్రాలీలోనే ఉంది.

చదును రోడ్డు మీద వేగం గంటకు 30 దాటాక సైక్లిస్టు పోరాడేది ప్రధానంగా గాలితోనే. గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. 30 నుంచి 40కి పోతే వేగం మూడో వంతే పెరిగింది, గాలికి పెట్టాల్సిన శక్తి మాత్రం రెండింతలు దాటి పెరుగుతుంది. ముందొక మనిషి ఉంటే వెనకామెకు ఆ ఖర్చు మూడో వంతు దాకా తగ్గుతుంది. పెద్ద గుంపు నడిమధ్య ఉంటే ఇంకా చాలా ఎక్కువే తగ్గుతుంది. అందుకే ఎంత బలమున్న పిల్లయినా ఒంటరిగా గుంపు మీద గెలవడం కష్టం. ముందు తొక్కేవాళ్లు వంతులవారీగా మారుతుంటారు. మన పిల్లలు దాన్ని 'పుల్ ఇవ్వడం' అంటారు.

జట్టు అనేది పుట్టింది ఇక్కడే. ఆరుగురిలో ఒకామెను నాయకురాలు అనుకుంటారు. మా జట్టులో కర్ణాటకలోని విజయపుర వైపు పిల్ల. మన దేశంలో సైక్లిస్టులు ఎక్కువగా పుట్టుకొచ్చే ఊళ్లలో అదొకటి. మిగతా ఐదుగురి పనీ ఆమె కాళ్లను ఆఖరి కొండ దాకా కొత్తగా ఉంచడం. గాలికి అడ్డం నిలవాలి, నీళ్లు తేవాలి, ఎదుటి జట్టువాళ్లు గుంపు వదిలి పారిపోతే వెంటాడి పట్టాలి. ఇట్లాంటి రైడర్‌ను ఫ్రెంచివాళ్లు 'డొమెస్టిక్' అంటారు, పనిమనిషి అని అర్థం. మా మేనకోడలు ఆ నాలుగు రోజులూ పనిమనిషే. ఈ మాట మా అక్కకు ఇంతవరకూ చెప్పలేదు.

ఎదురుగాలి అయితే దాక్కోవడం సులభం, వెనక చేరితే చాలు. పక్కగాలి వేరే. ఎడమ నుంచి గాలి కొడితే ముందామెకు సరిగ్గా వెనక కాదు, కొంచెం కుడిగా ఉంటేనే చాటు దొరుకుతుంది. ఆమెకు కుడిగా ఇంకొకామె. ఇట్లా వరుస రోడ్డుకు అడ్డంగా ఏటవాలుగా పరుచుకుంటుంది. రోడ్డు వెడల్పును బట్టి ఎనిమిదో పదో మందికి చోటుంటుంది. ఆ తర్వాతి పిల్లకు తారు అయిపోయింది. ఆమె రోడ్డు అంచున ఒంటరిగా గాలి తింటూ రావాలి. ఆమె వెనకా అంతే, ఇంకొకామె వెనకా అంతే. రెండు మూడు నిమిషాల్లో ఎవరో ఒకరి కాలు ఆగుతుంది, గుంపు అక్కడ తెగుతుంది. తెలివైనవాళ్లు ఆ అంచున వేలాడరు, కొంచెం వెనకపడి రెండో ఏటవాలు వరుస కట్టుకుంటారు.

ఇది కడపలో నేర్చుకోవడం కుదరదు. చుట్టూ కొండలు, గాలి అంత బలంగా కొట్టదు. అందుకని ఆషాఢంలో రెండు మూడు ఆదివారాలు పిల్లల్ని ఉరవకొండ వైపు తీసుకెళ్లారు. అక్కడ గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. మర రెక్కలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో చూసుకుని, రోడ్డు మలుపు తిరగ్గానే గాలి ఏ పక్క నుంచి వస్తుందో ముందే చెప్పడం ఆ పిల్లలకు ఆట అయిపోయింది. సైకిల్ కోచింగ్‌కు అంత ఎత్తు గాలికోడి ఎవరికుంటుంది?

రెండో రోజు అచ్చం అట్లాంటి నేలే. నల్లరేగడి, రోడ్డుకు రెండు పక్కలా చెట్టనేది లేదు. 50వ కిలోమీటరు దాటాక గుంపు తెగబోతోందనగా మా నాయకురాలి ముందు టైరులో తుమ్మముల్లు దిగింది. జట్టు కార్లు గుంపు వెనక వరుసగా వస్తాయి, ఆ వరుస జట్టు స్థానాన్ని బట్టి ఉంటుంది. మా కారు చివరి నుంచి రెండోది. అది వచ్చేలోగా ముందు గుంపు కంటికి కనిపించదు. మా పిల్ల దిగింది. తన ముందు చక్రం లివరు తిప్పి ఊడబీకి నాయకురాలికిచ్చింది. సొంత జట్టు మనుషుల మధ్య చక్రం ఇచ్చిపుచ్చుకోవచ్చు, నియమం ఒప్పుకుంటుంది. ఇరవై సెకన్లు కూడా పట్టలేదట. నాయకురాలు ఇంకో ఇద్దరు తోటివాళ్ల వెనక దాక్కుని ముందు గుంపును అందుకుంది. మా పిల్ల మూడుకాళ్ల మేకలా సైకిలు భుజాన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. కారు వచ్చి వేరే చక్రం వేసేసరికి రెండు నిమిషాలు దాటాయి. ఆ తర్వాత గాల్లో ఎవరెవరో మిగిలిపోయినవాళ్లతో కలిసి తొక్కింది. 4 నిమిషాల 12 సెకన్ల నష్టం, 41వ స్థానం.

కాగితం మీద ఉన్నది ఆ 41 ఒక్కటే. చక్రం సంగతి రాయడానికి అందులో గడి లేదు.

సీసా ఎట్లా పట్టుకోవాలి

నా పని గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఫీడ్ జోన్ అని రోడ్డు పక్కన కొంత దూరం గుర్తు పెడతారు, సీసాలు అక్కడే ఇవ్వాలి. సీసాను మూత దగ్గర రెండు వేళ్లతో, బొటనవేలితో వదులుగా పట్టుకోవాలి. చెయ్యి బారుగా చాపాలి. పిల్ల దగ్గరకు రాగానే ఆమె పోతున్న వైపే నాలుగడుగులు పరుగెత్తాలి. నిలబడి ఇస్తే ఏమవుతుందో మొదటి రోజే చూశాను. 35 వేగంలో వచ్చిన చెయ్యి నా సీసాకు తగిలింది. సీసా పగిలి ఉప్పు-నిమ్మ-చక్కెర నీళ్లన్నీ నా చొక్కా మీద. పిల్ల ఖాళీ చేత్తో పోయింది. ఇంకో పదిహేను కిలోమీటర్లు నోరెండుకుని తొక్కింది. రాత్రి లాడ్జిలో బకెట్ నిండా నీళ్లు పోసుకుని, సీసా పట్టుకుని వరండాలో పరుగెత్తడం ప్రాక్టీసు చేశాను. లాడ్జి వాచ్‌మన్ ఏమీ అడగలేదు.

కాళ్లలో ఇంధనం లెక్క వేరే ఉంది. ఒంట్లో, కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి, పిండిపదార్థం నిల్వ సుమారు 400-500 గ్రాములు. గట్టిగా తొక్కితే రెండు గంటలు దాటేసరికి అడుగంటుతుంది. అప్పుడు కాళ్లు నొప్పి పుట్టవు, కరెంటు పోయినట్టు ఆగిపోతాయి. అందుకే ఆకలి లేకున్నా గంటకు 60 నుంచి 90 గ్రాములు లోపల వేస్తూనే ఉండాలి. ఒక అరటిపండులో పాతిక గ్రాములు. మా అక్క ప్రేమగా బొరుగుల ఉండలు కట్టించింది. రొప్పుతూ నమిలితే గొంతులో పొడి అడ్డం పడుతుందని మొదటి రోజే తెలిసింది. రెండో రోజు నుంచి లాడ్జి వంటమనిషిని బతిమాలి మెత్తగా బెల్లమన్నం చేయించి, ముద్దలు ఫాయిల్‌లో చుట్టి జేబుల్లో పెట్టాం. యూరప్ జట్లు కూడా రైస్ కేకులని ఇదే చేసుకుంటాయి, వాళ్లది కొంచెం ఖరీదు. రాగిసంగటి గురించి అందరూ అడిగారు. సంగటి గొప్ప తిండే, రేసు అయ్యాక. తొక్కేముందు తింటే కడుపులోనే కూర్చుంటుంది.

ఇంకో విషయం మామగా నేను రాయడం మా అక్కకు నచ్చదు, అయినా రాయాలి. రెండో రోజు పొద్దున పిల్లకు నెలసరి మొదలైంది. మాత్ర వేసుకుని తొక్కింది, పెద్ద కథేమీ లేదు. అసలు చింతించాల్సింది రాకపోతేనట. తొక్కుడు ఎక్కువై తిండి తక్కువైతే ఒళ్లు ముందుగా ఆపేసే ఖర్చు నెలసరే. చాలామంది కోచ్‌లు, తల్లులు కూడా, 'బాగా కష్టపడుతోంది, అందుకే ఆగింది' అని మెచ్చుకున్నట్టు మాట్లాడటం నేను విన్నాను. అది మెచ్చుకోలు కాదు, ప్రమాద ఘంట. ఎముకలు బలహీనపడతాయి, చిన్న ఒత్తిడికే చిట్లుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ శక్తి లోటుకు ప్రత్యేకంగా పేరు పెట్టి హెచ్చరించింది. కొండెక్కడానికి బరువు తగ్గాలనే ఆత్రం ఈ ఆటలో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆడపిల్లల సైక్లింగ్‌లో ఇది పక్కన పెట్టే విషయం కాదు.

ఓడిపోవడానికీ ఒక గడువు

మూడో రోజు ఘాట్. 62 కిలోమీటర్లు, ఆఖరి తొమ్మిదీ ఎక్కుడే. ఘాట్ మీద వేగం 15కు పడిపోతుంది కాబట్టి గాలి చాటుకు విలువ తగ్గుతుంది. అక్కడ ఒంటి బరువుకు ఎంత శక్తి తీస్తున్నావన్నదే లెక్క. పనిమనుషుల పని కొండ మొదట్లోనే అయిపోతుంది.

మా పిల్ల ఆ పని గట్టిగానే చేసింది. కొండ మొదలయ్యేముందు వెనక్కి కారు దగ్గరకు వచ్చి, ఆరు సీసాలు తీసుకుంది: రెండు సైకిలుకు, రెండు జేబుల్లో, రెండు వీపు మీద జెర్సీ లోపల. ఒక్కోటి ఆరువందల గ్రాములు వేసుకున్నా మూడున్నర కిలోలు పైమాటే. ఆ బరువుతో తిరిగి గుంపు ముందుకు పోయి ఒక్కొక్కరికీ పంచింది. ఆఖరి సీసా నాయకురాలికిచ్చాక, ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "బ్యాటరీ అయిపాయె మామా."

ఇక్కడే చూసేవాళ్లకు తెలియని రెండో పందెం మొదలవుతుంది. గెలిచినామె టైముకు ఇంత శాతం లోపల రాకపోతే ఆ రోజుతో ఇంటికే. ఎంత శాతమన్నది స్టేజీ కష్టాన్ని బట్టి రేసు పుస్తకంలో ముందే రాసుంటుంది. ఆ రోజుకు 20 శాతం. గెలిచినామెకు 2 గంటల 6 నిమిషాలు పట్టింది, అంటే 126 నిమిషాలు. అందులో 20 శాతం 25 నిమిషాల 12 సెకన్లు. అది దాటితే నాలుగో రోజు తొక్కే హక్కు లేదు, మూడు రోజుల చాకిరీ కాగితం మీద నుంచే పోతుంది.

అందుకని కొండ మీద వెనకబడినవాళ్లంతా, ఏ జట్టువాళ్లయినా సరే, ఒక గుంపు కడతారు. ఇటలీవాళ్ల మాటలో దాన్ని 'గ్రుపెట్టో' అంటారు, చిన్న గుంపు అని. పొద్దున ఒకరినొకరు తోసుకున్న పిల్లలు ఇక్కడ బెల్లమన్నం పంచుకుంటారు. అందులో ఒకరు లెక్క చూస్తుండాలి: గెలిచేవాళ్లు ఎంతసేపట్లో ఎక్కుతారు, మనకు ఎంత గడువుంది, ఇప్పుడున్న వేగం చాలుతుందా. మరీ నెమ్మదిగా పోతే గడువు దాటుతుంది. అక్కర్లేని వేగంతో పోతే రేపటి కాళ్లు ఈరోజే ఖర్చవుతాయి. మా పిల్ల రాత్రే సైకిలు ఫ్రేము మీద తెల్ల టేపు అంటించి, బాల్‌పెన్‌తో రాసుకుంది: 3 కి.మీ. – 14 ని., 6 కి.మీ. – 28, 9 కి.మీ. – 42. చెమటకు ఆరు అంకె సున్నాలా మారిపోయింది, అయినా పనికొచ్చింది. గువ్వలచెరువు ఘాట్‌లో రాయచోటి లారీల పొగ మింగుతూ ఎక్కిన పొద్దులన్నీ ఆ టేపు మీదున్నాయి. ఏ వాలులో తన ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో ఆమె అక్కడే నేర్చుకుంది. పైన పాలకోవా దుకాణం దగ్గర నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేవాణ్ణి. కోవా తిని తిని నేను రెండు కిలోలు పెరిగాను.

ఆమె గుంపు 19 నిమిషాల 40 సెకన్ల వెనక గీత దాటింది. 43వ స్థానం. గడువుకు ఐదున్నర నిమిషాల ముందు. ఇద్దరు పిల్లలు ఆ గుంపును కూడా అందుకోలేక గడువు దాటారు. ఒక పిల్ల గీత దాటి, కాగితం చూడకుండానే సైకిలు పడేసి కూర్చుంది. వాళ్ల కోచ్ ఏమీ అనలేదు, తడిగుడ్డ తెచ్చి మెడ మీద వేశాడు.

ఇప్పుడు బావ లెక్క సరిచేయొచ్చు. రెండో రోజు 4:12. మూడో రోజు 19:40. మొత్తం గెలిచినామెకు కొండ మీద వచ్చిన బోనస్ 10 సెకన్లు. కలిపితే 24 నిమిషాల 2 సెకన్లు. ఆ తేడాతో 37వ స్థానం. మింగిన రెండు ప్లేసులూ దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. ఆ ఇద్దరూ మా పిల్ల కన్నా గీత దగ్గర తరచూ వెనకున్నా, పక్కగాలి రోజు ముందు గుంపును వదలనివాళ్లు.

నాలుగో రోజు పొద్దున లాడ్జి మెట్లు దిగడానికి పిల్ల గోడ పట్టుకుంది. మధ్యాహ్నం గుంపుతో పాటు 22వదిగా వచ్చింది. నాకు అంతుపట్టలేదు. "అందరూ గోడ పట్టుకునే దిగినారు మామా" అంది.

మా నాయకురాలు మొత్తం మీద ఆరోది. ఏడో ఆమెకూ ఆమెకూ తేడా 8 సెకన్లు. ఆ రోజు కారు కోసం నిలబడి ఉంటే ఎక్కడ తేలేదో మీరే వేసుకోండి.

ఎనిమిదా, ఇరవై ఒకటా

ఆడవాళ్లకు ఇన్ని రోజుల రేసు చేతకాదన్న మాట చాలాకాలం నడిచింది. 1984లో మగవాళ్ల టూర్‌తో పాటే మహిళల టూర్ 18 స్టేజీలతో నడిచింది, అమెరికన్ మరియాన్ మార్టిన్ గెలిచింది. 1989 తర్వాత ఆ రూపంలో ఆగిపోయింది. పేర్లు మారాయి, డబ్బు లేక చిక్కిపోయింది. 2022లో ఎనిమిది స్టేజీలతో తిరిగి వచ్చింది, డచ్ రైడర్ అన్నెమిక్ వాన్ వ్లూటెన్ గెలిచింది. 2025లో తొమ్మిది, ఫ్రాన్స్‌కే చెందిన పొలిన్ ఫెరాన్-ప్రెవో. మగవాళ్లకు 21. మహిళల స్టేజీకి అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన హద్దు 160 కిలోమీటర్లు. 2022లో ఒక స్టేజీ 175 దాటితే ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. కాళ్లు చాలవని కాదు, నియమాలు రాసినవాళ్ల ధైర్యం చాలలేదు, అంతే.

మన దగ్గర చిక్కు ఇంకో రకం. సైకిలు తొక్కే పిల్ల ఎప్పుడైనా స్పోర్ట్స్ కోటాకు దరఖాస్తు పెడితే అక్కడ అడిగేది పతకం, లేదా స్థానం. చక్రం ఇచ్చిన పిల్ల, నీళ్లు మోసిన పిల్ల, గ్రుపెట్టోలో లెక్క కట్టిన పిల్ల, వీళ్లందరికీ ఆ దరఖాస్తులో ఒకే అంకె: 37. జట్టు ఆటల్లో గెలిచిన జట్టులో అందరికీ పతకం ఇస్తారు, కబడ్డీలో కూత పెట్టనివాళ్లకు కూడా. సైక్లింగ్ జట్టు ఆటే, ఫలితాలు మాత్రం ఒంటరి ఆటలా రాస్తారు. దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు, జట్టు ఫలితాన్ని కూడా సర్టిఫికెట్ మీద వేస్తే చాలు.

రైడర్లు మాత్రం దీన్ని తమలో తాము ఎప్పుడో సరిచేసుకున్నారు. బహుమతి డబ్బు జట్టంతా పంచుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. ఆఖరి రోజు రాత్రి మా మేనేజరు లాడ్జి మెట్ల మీద కూర్చుని ఆరో స్థానం డబ్బును ఆరు కవర్లలో పెట్టాడు. మొదటి రోజే పడి భుజం ఎముక విరగ్గొట్టుకుని ఇంటికెళ్లిన పిల్లకు కూడా ఒక కవరు. మా పిల్ల కవరులో పదిహేను వందలు.

ఇంటికి రాగానే అది తీసుకెళ్లి మా అమ్మ చేతిలో పెట్టింది.

"ఆరో ప్లేసు ఆ పిల్లది గదా, నీకెందుకిచ్చినారు?"

"నీళ్లు మోసినా గదవ్వా. చక్రం గూడా నాదే."

అమ్మ మూడు నోట్లూ లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. "చక్రం బాడిగ కలిపినారా, లేదా?" అంది.